సున్నపు గోడలకు సిమెంటు పూయొద్దు
కర్నూలు పాతబస్తీలో పాత కట్టడాలను బాగుచేయాలని ముందుకొచ్చే యువజన సంఘాలు సున్నపు గోడలకు సిమెంటు పూయడం వెంటనే ఆపాలి. సున్నం లోపలి తేమను బయటికి వదులుతుంది, సిమెంటు బిగబట్టేస్తుంది. దాంతో నీళ్లు గోడలోనే నిలిచి, తెల్లగా ఉప్పు పూసి, రాళ్ల ముఖాలు పెచ్చులుగా రాలిపోతాయి. అసలే తుంగభద్ర, హంద్రీల నడుమ ఉన్న ఊరు మనది. గోడల్లో మొలిచిన రావి మొక్కలను పీకడమూ అంతే పొరపాటు, వేరుతోపాటు రాయీ ఊడొస్తుంది. మొదలుకంటా కోసి, వేరు ఎండాకే సందు పూడ్చాలి. అందుకు రెండు వారాలైనా నీళ్లలో నానిన సున్నం ఒక పాలు, జల్లించిన ఇసుక మూడు పాళ్లు కలిపి, సందును ముందు తడిపి నింపాలి. ఆపైన వారం రోజులు తడి గోనెసంచులు కప్పాలి. ఎండకు వదిలేస్తే పగిలిపోతుంది. కొండారెడ్డి బురుజు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది కాబట్టి అక్కడ అనుమతి లేకుండా చెత్త ఏరడానికి మించి ఏమీ చేయకూడదు. రక్షణ జాబితాకెక్కని పాత బావులు, మండపాలు, దర్వాజాల వివరాలను నగరపాలక సంస్థ వార్డులవారీగా ఫొటోలతో నమోదు చేయించి, సున్నం పని తెలిసిన పెద్ద మేస్త్రీలతో స్థానిక కుర్రాళ్లకు శిక్షణ ఇప్పించాలి.
– ఒక పాఠకుడు, కర్నూలు