రమణకి, గేమ్ గురించి ఏం రాయాలో తేల్చుకున్నాక

టెక్కలి

ఒరేయ్ రమణా,

ఎలా ఉన్నావు? అమ్మకి మోకాలి నొప్పి తగ్గిందా? ఫోన్లో నువ్వు అడిగినదానికి ఆ రోజు సరిగ్గా జవాబు చెప్పలేదు, బస్సు హోరులో సగం వినపడనే లేదు. "గేమ్ ఇంకా తయారవుతుండగానే దాని గురించి ఏటి రాస్తావు, ఎవరికోసం రాస్తావు" అన్నావు కదా. అప్పటినుంచీ బుర్రలో అదే తిరుగుతోంది. ఇప్పుడు ఒక నిర్ణయానికొచ్చాను, తీరిగ్గా చదువు.

నేను చేస్తున్న గేమ్ సంగతి నీకు తెలిసిందే. మన టెక్కలి దగ్గరి తేలినీలాపురం లాంటి ఊరు, చింతచెట్ల మీద గూళ్లు, సెప్టెంబరు అక్టోబరుల్లో వచ్చి ఎండలు ముదిరేదాకా ఉండే గూడబాతులూ (పెలికన్లు) ఎర్రకాళ్ల కొంగలూ, చెట్టు కింద ఒక పదేళ్ల పిల్ల. ఆ పిల్ల పాత్రే ఆడేవాళ్లది. కాల్చడాలు, నరకడాలు లేవు. గూట్లోంచి జారిపడ్డ కొంగపిల్లని బతికించాలి, నౌపడ చిత్తడి నేలల్లో చేపలెందుకు తగ్గాయో కనిపెట్టాలి, తుపాను రాత్రి గట్టెక్కాలి.

అందరూ ఇచ్చే సలహా ఒకటే, రోజుకో బొమ్మ పెట్టు, "త్వరలో" అను, కంప్యూటర్ గేములమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో విష్‌లిస్టు, అంటే కొనాలనుకుని గుర్తుపెట్టుకునేవాళ్ల జాబితా, పెంచుకో అని. విష్‌లిస్టు అక్కర్లేదని నేననను. గేమ్ విడుదలైనప్పుడు దాన్ని విష్‌లిస్టులో పెట్టుకున్నవాళ్లకి స్టీమే మెయిల్ పంపుతుంది, ప్రచారానికి డబ్బుల్లేని మనలాంటి వాళ్లకి అది చాలా పెద్ద సాయం. కానీ బొమ్మ చూసి వెంటనే కిందికి జరుపుకుంటూ పోయేవాడు ఆ పక్షుల్ని పట్టించుకుంటాడంటే నాకు నమ్మకం కుదరడం లేదు. పోనీ కోడ్ గురించి రాద్దామా అంటే, అది చదివేది నాలా గేములు చేసేవాళ్లే. వాళ్లతో కబుర్లు నాకిష్టమే గానీ ఈ గేమ్ చేరాల్సింది ఇక్కడి బడిపిల్లలకి, ఉద్దానం నుంచి బతుకుతెరువుకి హైదరాబాదో బెంగళూరో వెళ్లిపోయి సంక్రాంతికి మాత్రమే ఊరు చూసేవాళ్లకి.

ప్రిన్స్ ఆఫ్ పర్షియా గుర్తుందా, ల్యాబ్‌లో సార్ అటు తిరగ్గానే మొదలెట్టేవాళ్లం. జోర్డాన్ మెక్నర్ ఆ గేమ్ చేస్తున్నన్నాళ్లూ డైరీ రాసుకున్నాడు. తమ్ముడు పరిగెత్తుతూ దూకుతూ ఉంటే వీడియో తీసి, ఆ కదలికల్ని ఫ్రేము ఫ్రేముగా గీసుకున్నాడు. తీరా అది నడిచే ఆపిల్ టూ కంప్యూటర్లో మెమరీ నిండిపోయింది, శత్రువు కోసం కొత్త బొమ్మలు పెట్టడానికి చోటు లేదు. అప్పుడు హీరో బొమ్మనే ఒక పిక్సెల్ పక్కకి జరిపి, దాని మీద దాన్నే ఎక్సార్ చేసి (రెండు బొమ్మలూ ఒకేలా ఉన్నచోట చెరిపేసి, తేడా ఉన్నచోటే మిగిల్చే లెక్క అది) గీస్తే మెరుస్తూ కదిలే నీడమనిషి పుట్టాడు. 1989లో వచ్చిన ఆ గేమ్‌లో నాకు అందరికంటే ఇష్టమైనవాడు వాడే, చోటు చాలక పుట్టాడని తెలిశాక ఇంకా ఇష్టం పెరిగింది. నేను రాయాల్సింది అలాంటి చోట్ల గురించే అనిపించింది. ఎక్కడ ఇరుక్కున్నాను, ఏ దారి పట్టాను, దానికోసం దేన్ని వదులుకున్నాను.

మొదట రాయబోయేది తెలుగు అక్షరాల గురించి. గేమ్‌లో ఆ పిల్ల అమ్మమ్మ మాట్లాడుతుంటే డైలాగు అక్షరం తరవాత అక్షరం టైపవుతున్నట్టు రావాలి కదా. ఇంగ్లీషులో అది చిటికెలో పని. మన "స్త్రీ" కంప్యూటరుకి ఆరు ముక్కలు, స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. ముక్క ముక్కా చూపిస్తూ పోతే తెరమీద స, స్, స్త, స్త్, స్త్ర అని వణుకుతూ వచ్చి చివర్లో ఎప్పుడో స్త్రీ అవుతుంది, చదివేవాడికి చిరాకు. అక్షరం పూర్తయ్యాకే కనపడేలా తెంపుకోవాలి. ఒత్తుల్ని విడదీయకుండా మొత్తం ఒకే అక్షరంగా లెక్కించే నియమం, అన్ని భాషల అక్షరాలకీ కంప్యూటర్లు వాడే ప్రమాణం యూనికోడ్‌లో చేరిందే 2023లో, 15.1 వెర్షన్‌తో! గేములు చేసే సాఫ్ట్‌వేర్ గోడో ఉంది కదా, దాని 3వ వెర్షన్‌లో అయితే ఒత్తులు వాటి చోట కుదురుకునేవే కావు, గోడో 4లో అక్షరాల్ని కలిపి సరిగ్గా అమర్చే హార్ఫ్‌బజ్ వచ్చాక ఆ బాధ తీరింది. పిక్సెల్ ఫాంటు, అంటే చుక్కచుక్కగా గీసిన అక్షరాలు, ఇంకో తలనొప్పి. ఇంగ్లీషు అక్షరం ఎనిమిది పిక్సెళ్ల ఎత్తులో హాయిగా ఇమిడిపోతుంది, మనకి పైన గుడి, కింద ఒత్తు, ఆ పక్కన ఇంకో ఒత్తు, ఎక్కడ పెట్టమంటావు? అందుకే బొమ్మలన్నీ పిక్సెళ్లలోనే ఉంచి, మాటలు మాత్రం నున్నటి ఫాంటులో పెట్టాను. చూపుకి కొంచెం తేడాగానే ఉంటుంది, ఉండనీ, అమ్మమ్మ మాట అందరూ చదవగలగాలి. తెలుగులో గేమ్ చేద్దామనుకునే ఏ కుర్రాడైనా రేపు ఇక్కడే ఆగిపోతాడు రా, వాడికోసమైనా ఇది ఎవరో ఒకరు రాసి పెట్టాలి.

తరవాత పక్షులు. మనందరం వాటిని సైబీరియా పక్షులనే అంటాం. నిజానికి మన గూడబాతూ ఎర్రకాళ్ల కొంగా దక్షిణాసియా, ఆగ్నేయాసియాల్లో ఉండే పక్షులే, సైబీరియాలో గూళ్లు కట్టేవి కావు. మంచుకొండలు దాటి గుంపుగా ఎగిరొచ్చే సీనుతో గేమ్ మొదలుపెడితే ఎంత అందంగా ఉంటుందో తెలుసు, అయినా పెట్టను, చెరువులూ ఉప్పు మడులూ దాటుకుంటూ వస్తాయి. అమ్మమ్మ మాత్రం సైబీరియా అనే అంటుంది, పిల్ల కాదంటుంది, ఇద్దరూ వాదించుకుంటారు. ఎక్కడినుంచి వచ్చినా సరే, పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లల్లా ఊరంతా వాటిని చూసుకోవడం ఉంది చూడు, గేమ్‌కి ప్రాణం అదే.

ఇంకోటి చెప్తే నువ్వు సంబరపడతావు. ఎండ మండిపోతుంటే ఎర్రకాళ్ల కొంగ రెక్కలు విప్పి పిల్లలకి నీడ పడుతుంది. అందులోంచే గేమ్‌లో ఒక నియమం వచ్చింది, మిట్టమధ్యాహ్నం చెట్టు కింద ఎవరైనా గోల చేస్తే తల్లి లేచిపోతుంది, గూట్లో పిల్లలు ఎండకి సొమ్మసిల్లుతాయి. కాబట్టి ఆ వేళకి పిల్ల పరిగెత్తకూడదు, సైకిలు బెల్లు కొట్టకూడదు, పెళ్లివారి బ్యాండుని ఎలాగో ఒప్పించి పక్కవీధిలోంచి మళ్లించాలి. ఇది చదివినవాడు ఈసారి కొంగని చూస్తే కాసేపు ఆగుతాడని నా ఆశ.

కథ ముగింపు రాయను. విడుదల తేదీ, ఇంకా చేతికి రాని హంగులు కూడా రాయను, మాటిచ్చి తప్పితే బాధపడేది నమ్మినవాళ్లు. ముందు తెలుగులో, తరవాత చిన్నగా ఇంగ్లీషులో, ఏదైనా తేలినప్పుడే రాస్తాను, వారం వారం అని లెక్క పెట్టుకోను.

నీతో రెండు పనులున్నాయి. పెద్ద ఎర్రకాళ్ల కొంగకి గొంతు లేదనే చెప్పాలి, గూటి దగ్గర ముక్కు టకటకలాడిస్తుంది, గోలంతా పిల్లలదే. ఆ చప్పుడు నాకు కావాలి. సంక్రాంతికి వచ్చేటప్పుడు నీ మైకు తెచ్చుకో, గూళ్ల దగ్గరకి పోకుండా దూరంనుంచే పొద్దున్నే రికార్డు చేద్దాం. ఈలోగా అక్షరాల మీద రాసింది పంపిస్తాను, కంప్యూటర్లంటే ఏమీ తెలియని మీ చెల్లి చేత చదివించి, ఎక్కడ విసుగొచ్చి ఆపేసిందో ఆ లైను నాకు చెప్పు.

నీ
సూరి