బాలింతకే కాదు, మాకూ చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

ఆగస్టు మొదటి వారం తల్లిపాల వారోత్సవాలు జరుగుతాయి. గర్భిణులను, బాలింతలను కూర్చోబెట్టి, పుట్టిన గంటలోపు పాలు పట్టాలని, ఆరు నెలలు మంచినీళ్లు కూడా వద్దని చెబుతారు. మంచి మాటే. కానీ ఇంటికొచ్చాక బాలింత మాట చెల్లుతుందా? ఏం తినాలో, బిడ్డకు ఏం పట్టాలో తేల్చేది నాలాంటి పెద్దవాళ్లం. మాకు చెప్పేవాళ్లే లేరు.

నిరుడు మే నెలలో మా పెద్దమ్మాయికి సిజేరియన్ అయింది. ఇంటికి తీసుకొచ్చిన రాత్రి బిడ్డ ఒకటే ఏడుపు. "పాలు పడలేదు, బిడ్డ ఆకలికి అల్లాడుతోంది" అని నేనే అల్లుణ్ని లేపి డబ్బా పాలు తెప్పించాను. సీసా ఖాళీ చేసి బిడ్డ నిద్రపోయింది. మా అమ్మాయి రొమ్ములు రాయిలా గట్టిపడి, నొప్పికి ఓర్చుకోలేక గోడవైపు తిరిగి ఏడ్చింది. ఆ గట్టిదనం పాలు వచ్చిన గుర్తేనని నాకు తెలియలేదు. అంత ఎండల్లోనూ, ఎక్కువ నీళ్లు తాగితే బిడ్డకు జలుబు చేస్తుందని చెంబు కూడా దూరంగా పెట్టాను. తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఆశా కార్యకర్త వచ్చి విడమరిచి చెప్పింది. బిడ్డ ఎంత చీకితే పాలు అంత ఊరుతాయి. సీసాతో కడుపు నిండిన బిడ్డ రొమ్ము పట్టదు, పట్టకపోతే పాలు తగ్గిపోతాయి. అప్పుడు "చూశారా, పాలు లేవనే చెప్పాను" అంటాం. పుట్టిన రోజు బిడ్డకు ఒక్కోసారి చెంచాడు ముర్రుపాలే చాలట. వారం దాటాక రోజుకు ఆరుసార్లైనా ఉచ్చ పోస్తూ, బరువు పెరుగుతుంటే పాలు చాలుతున్నట్టే. ఆ రోజు నుంచి రాత్రిళ్లు అల్లుడే బిడ్డను తెచ్చి అందించి, పాలు తాగాక భుజాన వేసుకుని తేన్పు తీయించేవాడు. డబ్బా మాన్పించడానికి పది రోజులు పట్టింది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం దేశంలో నూటికి దాదాపు 89 కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నా, గంటలోపు తల్లిపాలు అందింది 42 మంది బిడ్డలకే.

తిరుపతి, చిత్తూరు జిల్లాల వైద్యాధికారులకు నా విన్నపం ఒకటే. ప్రతి నెలా 9న గర్భిణులకు పరీక్షలు చేస్తారు కదా, వెంట వచ్చిన భర్త, తల్లి, అత్త బయట చెట్టు కింద కూర్చుని ఉంటారు. ఓ పావుగంట వాళ్లనూ లోపలికి పిలవండి. తల్లీబిడ్డ వాహనం ఎక్కించే ముందు మరోసారి చెప్పండి. ఆసుపత్రి కాన్పు అయితే 42 రోజుల్లో ఆరుసార్లు ఆశా ఇంటికి రావాలి. వచ్చినప్పుడు బాలింత ఒక్కదానితోనే మాట్లాడి వెళ్లకుండా ఇంట్లోవాళ్లందరినీ కూర్చోబెట్టాలి.

మా చిన్నమ్మాయికి ఇప్పుడు ఏడో నెల. వచ్చే 9న దాని వెంట నేనూ వస్తున్నాను. నన్ను బయట కూర్చోబెట్టకండి.

— ఒక అవ్వ, చంద్రగిరి, తిరుపతి జిల్లా