నెలతక్కువ బిడ్డకు ఆక్సిజన్ కొలిచి ఇవ్వాలి

సంపాదకులకు నమస్కారం.

కోవిడ్ రోజుల్లో వేలికి పల్స్ ఆక్సిమీటర్ తగిలించుకుని రక్తంలో ఆక్సిజన్ ఎంత శాతం ఉందో చూసుకోవడం మన ఇళ్లలో చాలామందికి అలవాటైంది. 94 కంటే తగ్గితే కంగారు, 99 కనిపిస్తే ధైర్యం. నవజాత శిశు విభాగంలో మానిటర్ మీద 100 చూసి తల్లిదండ్రులు మురిసిపోవడం నా ఉద్యోగ జీవితంలో ఎన్నోసార్లు చూశాను. నెలలు నిండకుండా పుట్టి ఆక్సిజన్ మీద ఉన్న బిడ్డకు ఆ అంకె క్షేమం కాదు. 90కీ 95కీ మధ్య ఉంచాలన్నదే ఇప్పుడు వైద్యులు పాటిస్తున్న హద్దు.

ఊపిరితిత్తుల్లోని గాలిగదులు ముడుచుకుపోకుండా చూసే సర్ఫాక్టెంట్ అనే పల్చని పొర ఈ బిడ్డల్లో చాలినంత తయారై ఉండదు. పుట్టిన కొద్ది గంటల్లోనే డొక్కలు లోపలికి పోతూ, మూలుగుతూ ఆయాసపడతారు. ఆక్సిజన్ అందకపోతే చాలామంది బతకరు. అయితే అది మితిమీరితే కంటి వెనుక చూపునిచ్చే పొర అయిన రెటీనాలో రక్తనాళాలు సహజంగా ఎదగడం ఆగిపోతుంది. ఆ తర్వాత అవి అడ్డదిడ్డంగా పెరిగి, ముదిరితే రెటీనానే ఊడదీస్తాయి. ఊపిరితిత్తులు కూడా దెబ్బతిని, కొందరు బిడ్డలు నెలల తరబడి ఆక్సిజన్ మీదే ఉండాల్సి వస్తుంది.

1940, 50 దశకాల్లో ప్రపంచవ్యాప్తంగా సుమారు పదివేల మంది శిశువులు ఇలా చూపు కోల్పోయారు. 1951లో ఆస్ట్రేలియా వైద్యురాలు కేట్ క్యాంప్‌బెల్ ఆక్సిజన్‌ను అనుమానించారు. కొద్ది ఏళ్లకే అమెరికాలో జరిగిన పరిశోధన అది నిజమని తేల్చింది. ఆ భయంతో ఆక్సిజన్‌ను మరీ తగ్గించేసరికి మరణాలు పెరిగాయి. 2010లో వెలువడిన మరో అమెరికా అధ్యయనంలోనూ మానిటర్ అంకె 85-89 మధ్య ఉంచిన బిడ్డల్లో కంటి జబ్బు తగ్గింది గానీ, చనిపోయినవారు ఎక్కువయ్యారు. కాబట్టి ఈ లేఖ చదివి ఏ తల్లీ తన బిడ్డకు ఆక్సిజన్ వద్దనకూడదని వేడుకుంటున్నాను. నేను అడిగేది కొలత గురించి మాత్రమే.

మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ 21 శాతమే. సిలిండర్ నుంచి వచ్చేది దాదాపు నూరు శాతం. ఈ రెండింటినీ కావలసిన పాళ్లలో కలిపే బ్లెండర్ లేకుండా నర్సు ఎంత జాగ్రత్తగా ఉన్నా కొలత కుదరదు. కోవిడ్ తర్వాత ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఆక్సిజన్ ప్లాంట్లు వెలిశాయి, సంతోషం. శిశువుల పడకల దగ్గర, వారిని జిల్లా కేంద్రానికి చేర్చే అంబులెన్సుల్లో, చిన్న పట్టణాల ప్రైవేటు నర్సింగ్ హోముల్లో బ్లెండర్లు ఎన్ని ఉన్నాయో రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య శాఖలు ప్రజలకు చెప్పాలి.

అంతకంటే నన్ను ఎక్కువగా బాధించేది కంటి పరీక్ష జరగకపోవడం. 34 వారాలలోపు పుట్టినా, రెండు కిలోల కంటే తక్కువ బరువున్నా నెల తిరిగేలోపు రెటీనా పరీక్ష చేయించాలి. మరీ చిన్న బిడ్డలకైతే రెండు మూడు వారాలకే చేయాలి. సకాలంలో లేజర్ చికిత్స అందితే చాలామందికి చూపు నిలుస్తుంది. 1996లో చెన్నైలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో 29వ వారంలో, 1,250 గ్రాముల బరువుతో పుట్టిన పాపకు ఈ పరీక్ష చేయలేదు. ఆ పాప చూపు పోయింది. 2015లో సుప్రీంకోర్టు దాదాపు 1.8 కోట్ల రూపాయల పరిహారం ఇప్పించింది. ఆ తీర్పు వచ్చిన తర్వాత కూడా ఈ పరీక్ష పేరే వినని తల్లులు నాకు తారసపడుతున్నారు.

మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. కాన్పుకు పుట్టింటికి వచ్చిన తల్లి డిశ్చార్జి తర్వాత ఏ ఊళ్లో ఉంటుందో ఆసుపత్రికి తెలియదు. కేస్ షీటులో అత్తింటి చిరునామా ఉంటుంది, బిడ్డ అమ్మమ్మ ఇంట్లో ఉంటుంది. డిశ్చార్జి కాగితం మీద పరీక్ష తేదీ, చేసే చోటు, తల్లి ఉండబోయే ఊరు పెద్ద అక్షరాలతో రాయాలి. ఆ ఊరి ఆశా కార్యకర్తకు కబురు వెళ్లాలి. బిడ్డ పుట్టిన 28వ రోజున ఆశాలు ఎలాగూ ఇంటికి వస్తారు. అప్పుడు తూకంతో పాటు కంటి పరీక్ష అయిందా అని అడిగి నమోదు చేయాలి. దీనికి కొత్త పథకం అక్కర్లేదు, ఒక ఉత్తర్వు చాలు.

మీ జిల్లా విలేకరుల చేత ప్రతి నవజాత శిశు విభాగంలో బ్లెండర్లు ఎన్ని ఉన్నాయి, కంటి పరీక్ష జరుగుతోందా అనే రెండు ప్రశ్నలూ అడిగించి, వచ్చిన జవాబులు ప్రచురించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు, నల్గొండ