మా సాంబారులో గోధుమ ఉంది: ఒక వివరణ

నెల్లూరు మాగుంట లేఅవుట్‌లోని మా మెస్‌కు వచ్చే వారందరికీ నమస్కారం. చపాతీ, పూరీ, ఉప్మా తప్ప మా దగ్గర దేనిలోనూ గోధుమ ఉండదని అడిగిన ప్రతి ఒక్కరికీ ఇన్నాళ్లూ ధైర్యంగా చెప్పాము. అది తప్పని తేలింది.

గోధుమ వంటి ధాన్యాలు ఒంటికి పడని సీలియాక్ వ్యాధి ఉన్న ఒక అమ్మాయి చెన్నైలో ఉద్యోగం చేస్తూ, శని, ఆదివారాల్లో ఇంటికి వచ్చినప్పుడు మా దగ్గర ఇడ్లీ, సాంబారు తినేవారు. అక్కడ ఆఫీసు చుట్టూ ఎన్ని హోటళ్లున్నా, వంటలో ఏమేం పడుతుందో తెలిసి చెప్పే మనిషి దొరక్క రోజూ పెరుగన్నం డబ్బా కట్టుకెళ్లే ఆమె, సొంత ఊళ్లోనైనా నిశ్చింతగా తినవచ్చని మా దగ్గరకు వచ్చారు. వరుసగా రెండు వారాలు కడుపునొప్పి, విరేచనాలు అయ్యాయని ఆమె చెప్పినప్పుడు, ఇడ్లీలో బియ్యపు రవ్వ, మినప్పప్పు తప్ప ఏముంటాయని మేము వాదించాము. ఆమె సాంబారు తాలింపులో వేసే ఇంగువ డబ్బా తెప్పించి, వెనుక చిన్న అక్షరాల్లో ఉన్న గోధుమ పిండి పేరును చూపించారు. పదిహేనేళ్లుగా వాడుతున్న ఆ డబ్బాను మేము ఒక్కసారి కూడా తిప్పి చూడలేదు.

ఇంగువ నిజానికి ఒక మొక్క వేరు నుంచి కారే జిగురు. ఘాటు తగ్గించి పొడిగా అమ్మడానికి అందులో గోధుమ పిండో, మైదానో, బియ్యప్పిండో కలుపుతారు. సీలియాక్ ఉన్నవారికి గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ తగిలితే చిన్నపేగు లోపలి పొర దెబ్బతింటుంది కనుక, తాలింపులో పడేది చిటికెడే కదా అనుకోవడానికి లేదు.

ఆ తరువాత వంటగది అంతా వెతికితే మాకే సిగ్గేసింది. దోశ కరకరలాడాలని మా మాస్టరు పిండిలో గుప్పెడు బొంబాయి రవ్వ కలుపుతున్నారు. ఇడ్లీ రవ్వ బియ్యానిదే గానీ బొంబాయి రవ్వ గోధుమది. చపాతీ కాల్చిన పెనం మీదే నెయ్యి కారం దోశ, పూరీలు వేయించిన నూనెలోనే గారెలు. రాగిపిండి సంగతి మరీ విచిత్రం: రాగుల్లో గ్లూటెన్ లేదు, కానీ మేము ఆడించే మరలో అంతకు ముందు ఆడినవి గోధుమలు.

ఇప్పుడు బియ్యప్పిండితో చేసిన ఇంగువ తెచ్చాము, దోశపిండిలో రవ్వ మానేశాము, దోశలకు కొత్త పెనం, విడిగా అట్లకాడ పెట్టాము. దోశ మునుపటంత కరకరలాడటం లేదని కొందరు అంటున్నారు. అది నిజమే, ఓపిక పట్టండి. గారెలకు వేరే బాణలి పెట్టే చోటు మా వంటగదిలో లేదు కనుక, గోధుమ పడనివారు వాటిని తినవద్దని కోరుతున్నాము. చేపల వేపుడుకు వాడే మసాలా పొట్లంలోనూ మైదా ఉంది. చింతపండు, మామిడికాయ వేసి చేసే చేపల పులుసులో మాత్రం ఇంగువగానీ పిండిగానీ ఏదీ పడదు. రాగి సంగటిని, మరొక మర దొరికే వరకు, గోధుమ పడనివారికి వడ్డించము.

ఇంత చేసినా మా బోర్డు మీద ‘గ్లూటెన్ రహితం’ అని రాయడం లేదు. ఆ మాట వాడాలంటే కిలో ఆహారంలో గ్లూటెన్ 20 మిల్లీగ్రాములకు మించకూడదని ఆహార భద్రతా నియమం. మేము ఏ వంటకాన్నీ పరీక్ష చేయించలేదు, పైగా అదే గదిలో రోజూ చపాతీ పిండి గాలిలో లేస్తూనే ఉంటుంది. సీలియాక్ ఉన్నవారు ఆర్డరు ఇచ్చే ముందు కౌంటరులో చెబితే, ఇంగువ, మసాలా పొట్లాలను తెచ్చి మీ ముందు పెడతాము. చదివి చూసుకుని, తినాలో వద్దో మీరే నిర్ణయించుకోండి.