పొర పల్చనైతే చాలదు, తక్కువ లోడు లెక్క కూడా చెప్పండి

సంపాదకులకు,

సౌర, పవన విద్యుత్తుతో హైడ్రోజన్ తయారీ గురించి పత్రికల్లో వచ్చే వ్యాసాలు ఎలక్ట్రోలైజర్ (కరెంటుతో నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడగొట్టే యంత్రం) సామర్థ్యాన్ని ఒకే అంకెతో తేల్చేస్తున్నాయి. ఆ అంకె సాధారణంగా పూర్తి లోడు మీద కొలిచినది. ఎండ, గాలి ఉన్నంతసేపే కరెంటు వచ్చే చోట యంత్రం చాలా గంటలు సగం లోడుకూ నోచుకోదు. అప్పుడు అసలు భారం పడేది రెండు ఎలక్ట్రోడ్ల నడుమ ఉండే ప్రోటాన్ మార్పిడి పొర మీద.

ఈ పొరల్లో ఎక్కువగా వాడేది నాఫియాన్ తరహా ఫ్లోరిన్ పాలిమర్. అందులోని సల్ఫోనిక్ ఆమ్ల సమూహాలు నీటిని పట్టుకుని సన్నటి దారులు ఏర్పరుస్తాయి. ప్రోటాన్లు ఆ నీటిదారుల్లోనే కదులుతాయి. పొర ఎండితే వాహకత దాదాపు పోయినట్టే. బాగా తడిసి 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటే వాహకత సెంటీమీటరుకు సుమారు 0.1 సీమెన్స్ (వాహకత కొలమానం) ఉంటుంది. 183 మైక్రాన్ల మందం ఉన్న నాఫియాన్ 117లో చదరపు సెంటీమీటరుకు 2 ఆంపియర్లు పంపితే పొరలోనే 0.37 వోల్టులు పోతాయి. 51 మైక్రాన్ల నాఫియాన్ 212లో పోయేది 0.1 వోల్టు. సెల్ (రెండు ఎలక్ట్రోడ్లు, వాటి నడుమ పొర కలిసిన ఒక్కో విభాగం) మొత్తం వోల్టేజి రెండుకు అటూ ఇటూగా ఉండే చోట ఇది చాలా పెద్ద తేడా. అందరూ పల్చటి పొర వెంట పడటానికి కారణం ఇదే.

అయితే పొర పల్చనయ్యేకొద్దీ హైడ్రోజన్ ఆక్సిజన్ వైపు దాటడం పెరుగుతుంది. ఇది ముఖ్యంగా పీడనాన్ని, ఉష్ణోగ్రతను బట్టి ఉంటుంది. కరెంటు తగ్గించినా అదే నిష్పత్తిలో తగ్గదు. ఆక్సిజన్ ఉత్పత్తి మాత్రం కరెంటుతో పాటే పడిపోతుంది. దాటే హైడ్రోజన్ చదరపు సెంటీమీటరుకు 5 మిల్లీ ఆంపియర్లకు సమానం అనుకుందాం. ఆక్సిజన్ పుట్టేది హైడ్రోజన్‌లో సగమే కాబట్టి, 1 ఆంపియర్ దగ్గర ఆక్సిజన్‌లో హైడ్రోజన్ 1 శాతం. అదే సెల్ 0.2 ఆంపియర్ల దగ్గర నడిస్తే 5 శాతానికి చేరువవుతుంది. ఈ మిశ్రమం మండే హద్దు సుమారు 4 శాతం కాబట్టి, అంతకు చాలా ముందే, తరచు 2 శాతం దగ్గరే, యంత్రం ఆగిపోయేలా అమరుస్తారు. అంటే మబ్బు పట్టిన పూట పల్చటి పొర ఉన్న యంత్రమే ముందు ఆగుతుంది!

దీనికి మార్గాలు లేకపోలేదు. పొర లోపలే పలుచగా ప్లాటినం చేర్చితే దాటుతున్న హైడ్రోజన్ ఆక్సిజన్‌తో కలిసి నీరైపోతుంది. లోడు తగ్గినప్పుడు హైడ్రోజన్ వైపు పీడనం దించవచ్చు. అన్ని స్టాకులనూ (వరుసగా పేర్చిన సెల్‌ల కట్టలను) ఐదో వంతు లోడుతో నడిపే బదులు కొన్నిటిని ఆపి మిగతావాటిని నిండుగా నడపడం అన్నిటికన్నా సులువు. ఆపిన స్టాకులో మిగిలిన వాయువులను నైట్రోజన్‌తో తోసేయాలి. అలా వదిలేస్తే రెండూ పొర గుండా మెల్లగా కలుస్తాయి.

నీటి విషయంలో చూపే అశ్రద్ధ దీనికన్నా ప్రమాదకరం. నీటి విద్యుత్ నిరోధకత కనీసం 1 మెగా ఓమ్-సెంటీమీటరు ఉండాలి. కాల్షియం, సోడియం, ఇనుము అయాన్లు వస్తే సల్ఫోనిక్ సమూహాల దగ్గర ప్రోటాన్ల చోటు ఆక్రమిస్తాయి, సెల్ వోల్టేజి మెల్లగా ఎక్కుతుంది. వీటిలో ఇనుము మరీ చెడ్డది. సెల్‌లో పుట్టే హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కలిసి హైడ్రాక్సిల్ రాడికల్స్‌ను పుట్టిస్తుంది, అవి పాలిమర్ గొలుసునే కొరికేస్తాయి. బయటికొచ్చే నీటిలో ఫ్లోరైడ్ కనిపించిందంటే పొర అరుగుతున్నట్టే. సగం మోలార్ సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కడిగితే చాలావరకు వాహకత తిరిగొస్తుంది గానీ, అరిగిపోయిన మందం రాదు.

బిగింపులో కూడా పొరలు పాడవుతాయి. నీటిలో ఈ పొర పొడవు, వెడల్పుల్లో 10 నుంచి 15 శాతం సాగుతుంది. పొడిగా బిగిస్తే తడిశాక ముడతలు పడుతుంది; తడిగా బిగించి ఎండనిస్తే గాస్కెట్ అంచు దగ్గర చిరుగుతుంది.

విద్యుత్తు నిల్వకు వాడే వనేడియం ఫ్లో బ్యాటరీలో (రెండు ట్యాంకుల వనేడియం ద్రావణాల మధ్య ఇలాంటి పొరే ఉండే బ్యాటరీ) చిక్కు వేరు. అక్కడ దాటేది వనేడియం అయాన్లు. మండే ప్రమాదం లేదు, నిల్వ సామర్థ్యం తగ్గుతుంది అంతే. రెండు ట్యాంకుల ద్రావణాలను కలిపి మళ్లీ సమతూకం చేస్తే చాలావరకు కోలుకుంటుంది. ఎలక్ట్రోలైజర్లలో ప్రోటాన్లకు బదులు హైడ్రాక్సైడ్ అయాన్లు నడిచే పొరలు వాడితే ఎలక్ట్రోడ్ మీద ఉత్ప్రేరకంగా వాడే ఖరీదైన ఇరిడియం ఖర్చు తప్పుతుంది గానీ, గాలిలోని కార్బన్ డై ఆక్సైడ్ తగిలితే అవి కార్బొనేట్‌గా మారి వాహకత కోల్పోతాయి.

కాబట్టి ఎలక్ట్రోలైజర్ గురించి రాసేటప్పుడు పొర మందం, ఏ పీడనం దగ్గర కనీస లోడు ఎంత, ఆ లోడు దగ్గర ఆక్సిజన్‌లో హైడ్రోజన్ శాతం ఎంత, ఫ్లోరైడ్ ఎంత విడుదలవుతోంది అని తయారీదారులను అడిగి ప్రచురించండి. పూర్తి లోడు అంకె ఒక్కటే ఇచ్చి ఊరుకుంటే, ఆ సంగతి కూడా రాయండి.

– ఎలక్ట్రోకెమిస్ట్రీ ప్రయోగశాల సిబ్బంది