ఎంఓయూ ఫోటో బాగుంది సరే, క్రెడిట్ల సంగతేంట్రా?

ఒరేయ్ శీనూ,

నీ వాయిస్ మెసేజ్ విన్నా, మీ కాలేజీ జర్మన్ యూనివర్సిటీతో చేసుకున్న ఎంఓయూ, అదే అవగాహన ఒప్పందం, ఫోటో కూడా చూశా. శాలువాలు, బొకేలు, వెనకాల ఫ్లెక్సీ మీద రెండు దేశాల జెండాలు, మీ ప్రిన్సిపాల్ గారు ఫైలు పట్టుకుని కెమెరా వైపు నవ్వడం, పక్కన ఆ జర్మన్ ఆయన జేబురుమాలుతో చెమట తుడుచుకోవడం... మే నెలలో భీమవరంలో కోటేసుకుని నిలబడ్డాడంటే ఆ మనిషి ఓపికకి దండం పెట్టాలి. ఇంతకీ నిన్ను ఇంటర్నేషనల్ సెల్ ఇంచార్జ్ చేశారంటే నవ్వాలో ఏడవాలో తెలీలేదు రా, జీతం ఏమైనా పెంచారా? పెంచి ఉండరు. కాలేజీకి గుర్తింపు ఇచ్చే న్యాక్ ఫైళ్ళు, ఎన్‌బీఏ ఫైళ్ళు, ఎండాకాలం అడ్మిషన్ల కోసం ఊళ్ళు తిరగడం, అన్నీ నీ నెత్తినే ఉన్నాయి, ఇప్పుడు దీంతో సరిపోయింది.

"వచ్చే ఏడాదికి ఎంతమంది పిల్లల్ని పంపొచ్చు రా" అని అడిగావు కదా. ఆ కాగితం ఒక్కటే పట్టుకుని అయితే ఒక్కణ్ణి కూడా పంపలేవు. నేను ఇక్కడ జర్మనీలో యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో కూర్చుని రోజూ చూసేది ఇదే కాబట్టి మొహమాటం లేకుండా చెప్తున్నా. ఎంఓయూ అంటే పెళ్ళిచూపులు రా, కాఫీలు తాగి "కబురు చేస్తాం" అని లేవడమే, అసలు మాటలు అక్కడ ఎవరూ మాట్లాడరు. నువ్వు పంపిన పీడీఎఫ్ మొత్తం చదివా, "పరస్పర సహకారాన్ని ప్రోత్సహించుట" అని పేజీకి రెండుసార్లు ఉంది గానీ, అక్కడ పాసైన సబ్జెక్టుని మీ మార్కుల మెమోలో ఎక్కిస్తారా లేదా అన్న ముక్క ఎక్కడా లేదు. మొత్తం కథ ఆ ముక్క మీదే నడుస్తుంది.

నీకు సోఫియా కొరాడీ గురించి చెప్పానా ఎప్పుడైనా? ఇటలీ ఆవిడ, ఇక్కడ అందరూ మమ్మా ఎరాస్మస్ అంటారు, ఎరాస్మస్ అంటే యూరప్ దేశాల స్టూడెంట్ ఎక్స్‌ఛేంజ్ పథకం. 1957లో ఫుల్‌బ్రైట్ స్కాలర్‌షిప్ మీద అమెరికా వెళ్ళి కొలంబియా యూనివర్సిటీలో లా మాస్టర్స్ చేసి వచ్చింది. తీరా రోమ్ తిరిగొచ్చి తన యూనివర్సిటీలో ఆ చదువుని లెక్కలోకి తీసుకోండి అంటే, కుదరదు పొమ్మన్నారు, అదీ చులకన చేసి మాట్లాడి. ఊహించుకో, కొలంబియా డిగ్రీ! మనలాంటి వాళ్ళమైతే ఆఫీసు బయటకొచ్చి నాలుగు తిట్టుకుని మళ్ళీ పరీక్షలు రాసుకునేవాళ్ళం. ఆవిడ మాత్రం 1969 నుంచీ వదలకుండా, విదేశంలో చదివిన చదువు సొంత యూనివర్సిటీలో చెల్లాలి అని ప్రతిపాదనలు రాస్తూ, మంత్రుల చుట్టూ యూనివర్సిటీల చుట్టూ తిరుగుతూ ఉంది, చివరికి 1987లో ఎరాస్మస్ మొదలైంది. మొదటేడు 11 దేశాలు, 3,244 మంది పిల్లలు, అంతే. ఇప్పుడు లక్షల్లో తిరుగుతున్నారు. ఆవిడ 2025లో చనిపోయింది. ఆవిడ పోట్లాటంతా ఫ్లైట్ టికెట్ల కోసం కాదు రా, ఆ కౌంటర్ దగ్గర స్టాంపు కోసం, నాకు ఆవిడలో నచ్చేది అదే.

సరే, ఇక్కడ పని ఎలా జరుగుతుందో చెప్తా, నీకు పనికొస్తుంది. ఎక్స్‌ఛేంజ్ మీద వచ్చే ప్రతి పిల్లకీ పిల్లాడికీ లెర్నింగ్ అగ్రిమెంట్ అని ఒకటి ఉంటుంది. ఒక టేబుల్లో ఇక్కడ చదవబోయే సబ్జెక్టులు, వాటి క్రెడిట్లు (ఒక్కో సబ్జెక్టుకి ఎంత చదువో చెప్పే లెక్క), ఇంకో టేబుల్లో వాటి బదులు సొంత కాలేజీలో ఏవి ఎగిరిపోతాయో అవి. స్టూడెంట్ సంతకం, పంపే కాలేజీ సంతకం, చేర్చుకునే కాలేజీ సంతకం, ఈ మూడూ పడాలి, అదీ బండెక్కక ముందే. మొన్న ఒక ఇటలీ అమ్మాయి వచ్చింది, అక్కడ వాళ్ళ ఫ్లూయిడ్ మెకానిక్స్ 6 క్రెడిట్లు, మా దగ్గర 5. ఒక్క క్రెడిట్ తక్కువైందని వాళ్ళ ప్రొఫెసర్ ఒప్పుకోనంటాడు, ఈ అమ్మాయి ఏడుపు మొహం. అందరిదీ ఒకే ఈసీటీఎస్ లెక్క, అంటే యూరప్ అంతా వాడే క్రెడిట్ల పద్ధతి, ఏడాదికి 60 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కి 25 నుంచి 30 గంటల పని, చదువుల పద్ధతులు కలుపుకుందామని 1999లో ఇటలీలోని బొలోన్యాలో 29 దేశాలు కూర్చుని సంతకాలు చేసుకున్నాయి, అయినా ఇదీ పరిస్థితి. చివరికి చిన్న ల్యాబ్ కోర్సు ఒకటి కలిపి, మళ్ళీ మూడు సంతకాలు తెప్పించి గట్టెక్కించాం. ఇంత ఏర్పాటు ఉన్నచోటే ఒక్క క్రెడిట్‌కి ఇంత గొడవ, మరి మన దగ్గర ఏమీ లేకుండా ఎలా అనుకుంటున్నావ్?

ఇప్పుడు మీ వైపు. బీటెక్ మొత్తం 160 క్రెడిట్లు కదా, అంటే సెమిస్టర్‌కి సుమారు 20, ఇక్కడ సెమిస్టర్‌కి 30. కాబట్టి మనది ఒకటి అంటే ఇక్కడిది ఒకటిన్నర అని మోటు లెక్క వేసుకోవచ్చు, మన 3 క్రెడిట్ల సబ్జెక్టు ఇక్కడ నాలుగున్నర. ఈ లెక్క సిలబస్ తేల్చే మీ బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో పెట్టించి, అకడమిక్ కౌన్సిల్ మినిట్స్‌లో ఎక్కించు ముందు. మీది అటానమస్ అయ్యింది, సిలబస్సూ పరీక్షలూ మీరే పెట్టుకుంటారు కాబట్టి ఈ మాత్రం మీ చేతుల్లో ఉంది, ఇప్పుడు వాడుకోకపోతే అటానమస్ అని బోర్డు మీద రాసుకోవడం ఎందుకు. రెండు కాలేజీలూ కలిసి ఇచ్చే జాయింట్ డిగ్రీ, డ్యూయల్ డిగ్రీ అని మీ సార్ పెద్దగా మాట్లాడుతున్నాడు గానీ, 2022లో యూజీసీ ఇచ్చిన రూల్స్ ప్రకారం దానికి న్యాక్‌లో 3.01 ఉండాలి, లేదా కేంద్రం ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల్లో మొదటి వంద యూనివర్సిటీల్లో ఉండాలి, వగైరా చాలా ఉన్నాయి. హైదరాబాద్ జేఎన్టీయూ వాళ్ళు స్వీడన్‌లో బ్లెకింగెతో కలిసి డబుల్ డిగ్రీ నడిపారంటే వెనకాల ఒక యూనివర్సిటీ యంత్రాంగం ఉంది. నువ్వూ ఒక కంప్యూటరూ కలిసి అది చెయ్యలేరు, ఆ జోలికి పోకు.

ఇంకో చిక్కు క్యాలెండర్. ఇక్కడ వింటర్ సెమిస్టర్ క్లాసులు అక్టోబర్ మధ్యలో మొదలై ఫిబ్రవరి దాకా, ఆ తర్వాత పరీక్షలు. మీ వాళ్ళకి అప్పటికి ఒక సెమిస్టర్ సగం అయిపోయి, ఇంకోటి సగంలో పడుంటుంది. రెండు సెమిస్టర్ల మిడ్ పరీక్షలూ పోతాయి, తిరిగొచ్చాక డిటెయిన్ అంటారు, ఆ పిల్లాడి నాన్న వచ్చి నీ కాలర్ పట్టుకుంటాడు. అందుకే నా మాట విని ఫోర్-టూ, అదే నాలుగో ఏడు రెండో సెమిస్టర్, చూడు. ఫోర్-టూలో థియరీ దాదాపు ఉండదు, ప్రాజెక్టే. మీ గైడ్ ఒకరు, ఇక్కడి ల్యాబులో గైడ్ ఒకరు, ప్రాజెక్టు క్రెడిట్లు మీవే, మార్కులు మీరే వేస్తారు, ఇక్కడి ఆయన రిపోర్టు మాత్రం రాసిస్తాడు. క్రెడిట్ల పేచీ లేదు, క్యాలెండర్ పేచీ లేదు. ఇద్దరు ముగ్గురితో మొదలుపెట్టు, యాభై మంది అని ఫ్లెక్సీ వేయించకు దయచేసి.

అన్నట్టు గ్రేడ్ల విషయం ముందే పిల్లలకి చెప్పు. ఇక్కడ 1.0 అంటే టాప్, 4.0 అంటే అత్తెసరు పాస్, 5 అంటే పోయినట్టే. నాకు 1.7 వచ్చిందని ఫోన్ చేస్తే మా నాన్న "పదికా? ఇంట్లో ఎవరికీ చెప్పకు" అన్నాడు. మన సీజీపీఏని ఇక్కడికి మార్చే ఫార్ములా ఒకటుంది, బవేరియన్ ఫార్ములా అంటారు. గరిష్ఠ మార్కులోంచి నీ మార్కు తీసేసి, దాన్ని గరిష్ఠానికీ పాస్ మార్కుకీ ఉన్న తేడాతో భాగించి, మూడుతో గుణించి ఒకటి కలపడం. ఎనిమిది సీజీపీఏకి పాస్ మార్కు 4 అనుకుంటే 2.0, 5 అనుకుంటే 2.2. పిల్లాడు అదే, చదువు అదే, పాస్ మార్కు మెమో మీద సరిగ్గా రాయలేదని ర్యాంకు మారిపోతుంది. మీ ఎగ్జామ్ బ్రాంచ్ వాళ్ళతో ట్రాన్‌స్క్రిప్ట్ వెనకాల ఆ ఒక్క లైనూ స్పష్టంగా ప్రింట్ చేయించు, అమీర్‌పేట కన్సల్టెన్సీలు చేసే మేలుకన్నా ఎక్కువ మేలు అవుతుంది.

డబ్బు సంగతికొస్తే నాకు కొంచెం కోపం వస్తుంది. ఎక్స్‌ఛేంజ్ అయితే ఇక్కడ ఫీజు కట్టక్కర్లేదు, మీ కాలేజీ ఫీజు మీకు కడితే చాలు, అది నిజమే. కానీ వీసాకి ఖర్చుల కింద నెలకి 992 యూరోల లెక్కన బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే నెలనెలా కొంత మాత్రమే తీసుకోగలిగే ఖాతాలో, చూపించాలి, ఏడాదికైతే 11,904. ఆరు నెలలకే దగ్గర దగ్గర ఆరు లక్షలు, ఫ్లైటూ ఇన్సూరెన్సూ కాకుండా. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదివే పిల్లలు ఎక్కణ్ణుంచి తెస్తారు? తెలంగాణలో అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద 20 లక్షలు ఇస్తారు గానీ అది బయటికెళ్ళి పీజీలు, పీహెచ్‌డీలు చేసేవాళ్ళకి, నీ ఫోర్-టూ కుర్రాడికి కాదు. స్టైపెండ్ మాట లేకుండా ఎక్స్‌ఛేంజ్ పెడితే, ఎలాగూ ఎమ్మెస్‌కి వెళ్ళే రైస్ మిల్లు వాళ్ళబ్బాయే వెళ్తాడు, టాపర్ అమ్మాయి క్లాసులోనే ఉంటుంది. ఎరాస్మస్ ప్లస్‌లో యూరప్ బయటి దేశాలకి కూడా డబ్బిచ్చే భాగం ఉంది, రానూపోనూ రెండు వైపులా, కాకపోతే అప్లికేషన్ ఇక్కడి యూనివర్సిటీ పెట్టాలి. మీ కోటు ఆయనకి మెయిల్ రాసి మొదట అడగాల్సింది అదే.

"రెండు వైపులా" అన్నా చూడు, మనవాళ్ళకి ఎక్కనిది అక్కడే. 2023-24లో అమెరికాలో మన దేశం పిల్లలు 3,31,602 మంది, చైనాని దాటేశాం అని టీవీల్లో గోల. అందులో మన తెలుగోళ్ళు ఎంతమందో నీకూ తెలుసు, మన బ్యాచ్ వాట్సాప్ గ్రూపు చూస్తే చాలు. కానీ అదంతా అప్పు చేసి వెళ్ళడం రా, సహకారం ఎలా అవుతుంది? అటు నుంచి ఇటు ఎవరొస్తున్నారు? బ్రిటన్ వాళ్ళు ఎరాస్మస్ వదిలేసి ట్యూరింగ్ స్కీమ్ పెట్టుకున్నారు, వాళ్ళ పిల్లలు బయటికెళ్ళడానికే డబ్బు, వచ్చేవాళ్ళకి లేదు, ఇప్పుడేమో 2027 నుంచి మళ్ళీ ఎరాస్మస్‌లో చేరతామంటున్నారు. మన దగ్గరా చేసి చూపించినవాళ్ళు ఉన్నారు, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో విదేశీ పిల్లల కోసం స్టడీ ఇన్ ఇండియా ప్రోగ్రామ్ 1998 నుంచి ఉంది, కందిలో ఉన్న హైదరాబాద్ ఐఐటీకి జపాన్ వాళ్ళు బిల్డింగులకి అప్పూ ఇచ్చారు, పిల్లలకి స్కాలర్‌షిప్పులూ ఇచ్చారు.

మా దగ్గరికి ఎవడొస్తాడు రా అంటావు నువ్వు, నాకు తెలుసు. ఒరేయ్, భీమవరంలో కూర్చుని ఆ మాట అంటే ఎలా? కాలేజీ గేటు దాటితే రొయ్యల చెరువులు, రాత్రి మూడింటికి ఆక్సిజన్ పడిపోతే ఏరేటర్ల దగ్గరికి టార్చిలైటు పట్టుకుని పరిగెత్తే రైతులు, అటు పక్క కొల్లేరు. ఇక్కడ నీటి నాణ్యత సెన్సార్ల మీద పని చేసే పిల్లలు గాజు తొట్టెల్లో టెస్టులు చేసుకుంటున్నారు రా! వాళ్ళకి నాలుగు వారాల సమ్మర్ స్కూల్ పెట్టు, మీ ఈసీఈ వాళ్ళనీ సివిల్ వాళ్ళనీ కలిపి టీములు కట్టు, మీ మావయ్య చెరువు ఒకటి అడిగి తీసుకో. ఆగస్టు, సెప్టెంబర్ అయితే వాళ్ళకి క్లాసులు ఉండవు, ఎండలూ తగ్గుతాయి. హాస్టల్లో దిగిన 24 గంటల్లోపు విదేశీయులు దిగారని ఆన్‌లైన్లో ఫారం పెట్టాలి, అది మాత్రం వార్డెన్‌కి వదిలేయకుండా నువ్వే చూసుకో. మెస్‌లో కారం తగ్గించమను, పూర్తిగా తీసేయమనకు, తిననీ.

ముందైతే నాకు ఫోర్-టూ సిలబస్, క్రెడిట్ల స్ట్రక్చర్, ఒక పాత మార్కుల మెమో పేరు చెరిపేసి స్కాన్ చేసి పంపు, ఫోన్లో తీసిన వంకర ఫోటోలు వద్దు. లెర్నింగ్ అగ్రిమెంట్ ఖాళీ ఫారం నేను పంపిస్తా, ప్రాజెక్టుకి ఎలా నింపాలో ఆదివారం కాల్‌లో చూద్దాం, మీకు మధ్యాహ్నం మూడు తర్వాతైతే నాకు కుదురుతుంది. చెల్లెమ్మనీ పిల్లల్నీ అడిగానని చెప్పు. ఈసారి సంక్రాంతికి రాలేను గానీ, సమ్మర్ స్కూల్ ఖాయం చేస్తే మాత్రం వాళ్ళతో పాటే దిగుతా, టికెట్ యూనివర్సిటీ పెట్టుకునేలా చూడటం నా పని.

నీ
రాజా