వీడియో పాఠానికి పక్కన మనిషి కావాలి

సంపాదకుల వారికి నమస్కారములు.

పిల్లల చేతికి ఫోను ఇవ్వనే కూడదని కొందరు, ఇన్ని వీడియోలు ఉండగా ట్యూషన్లు దేనికని మరికొందరు రాస్తున్న లేఖలను మీ పత్రికలో చదువుతున్నాను. ప్రభుత్వ పాఠశాలలో సామాన్యశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాడిగా, వనస్థలిపురంలో ఇద్దరు మనవరాళ్ల చదువును దగ్గరుండి చూస్తున్న తాతగా, పిల్ల పక్కన ఎవరు కూర్చున్నారన్న ప్రశ్నను ఉభయులూ వదిలేశారని నాకు అనిపిస్తోంది.

మా చిన్న మనవరాలు మూడో తరగతి. విత్తనం మొలకెత్తే వీడియో ఒకటి చూసి, వంటింట్లోంచి గుప్పెడు మెంతులు తెచ్చి కుండీలో చల్లి నీళ్లు పోసింది. సాయంత్రానికి మొలకలు రాకపోయేసరికి ‘మన మట్టి మంచిది కాదు తాతయ్యా’ అని తేల్చేసింది. రోజుల తరబడి విడతలుగా తీసిన చిత్రాలను వేగంగా చూపించడం వల్ల మొలక క్షణాల్లో లేచినట్టు కనిపిస్తుందని ఆ వీడియోలో ఎక్కడా చెప్పలేదు. చెప్పాలని తీసినవారికి తోచి కూడా ఉండదు. మూడో రోజు మొలకలు కనబడ్డాక ఒకదాన్ని పెకలించి అరచేతిలో పెట్టుకుని, అదే వీడియోను మళ్లీ పెట్టి, వేరు ముందు వచ్చిందా ఆకు ముందు వచ్చిందా అని ఆపి ఆపి చూశాం. మట్టిలోపల వేరు దిగే తీరు కుండీలో కనపడదు, అది వీడియోలోనే చూడగలిగాం. నల్లబల్ల మీద ఎన్ని బొమ్మలు గీసినా నేను అంత బాగా చెప్పలేకపోయానని ఒప్పుకోవడానికి నాకు నామోషీ లేదు. పెద్దమనవరాలికి ధ్వని పరావర్తనం, అంటే శబ్దం గోడకు తగిలి వెనక్కి రావడం, వీడియోలో అర్థమైనా, గోల్కొండ ఫతే దర్వాజా కింద చప్పట్లు కొట్టాకే నమ్మకం కుదిరింది. (ఆదివారం రద్దీలో ఎవరి చప్పట్లు ఎవరివో తెలియక, మరో రోజు పొద్దున్నే మళ్లీ వెళ్లవలసి వచ్చింది.)

తెర మీద పాఠం మనకు కొత్త కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఇస్రో నడిపిన ‘సైట్’ అనే ఉపగ్రహ టీవీ బోధన ప్రయోగంలో ఆనాటి ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు ఉదయం బడిపిల్లల కార్యక్రమాలు, సాయంత్రం పెద్దలవి ప్రసారమయ్యాయి. ఊరుమ్మడి టీవీ కావడంతో నలుగురూ కూడి చూసేవారు. 2020 సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్, తెలంగాణ ప్రభుత్వ విద్యా ఛానెల్ టీ-శాట్ ద్వారా మన రాష్ట్రంలో పాఠాలు మొదలైనప్పుడు మాత్రం చాలా ఇళ్లలో పిల్లవాడు ఒంటరిగానే తెర ముందు కూర్చున్నాడు. ఆ ఒంటరితనం కరోనాతో పోలేదు. పాఠం ముగిసీ ముగియగానే మరో వీడియో దానంతటదే మొదలవుతుంది, భిన్నాల లెక్కలతో బయలుదేరిన పిల్ల పావుగంటలో బొమ్మ కార్ల దగ్గర తేలుతుంది. ఈ ఆటోప్లేను సెట్టింగుల్లో ఆపివేయవచ్చని తెలియని తల్లిదండ్రులు మా అపార్టుమెంటులోనే చాలామంది ఉన్నారు. రెండేళ్లలోపు పసివారికి తెర అసలు వద్దనీ, రెండు నుంచి అయిదేళ్లవారికి గంట దాటకూడదనీ భారతీయ శిశువైద్యుల సంఘం 2021లో చెప్పిన మాటైనా అన్నం తినిపించే వేళ ఎవరికి గుర్తుంటుంది?

‘మాకేం చదువు వచ్చు, పక్కన కూర్చుని ఏం చెబుతాం’ అని మా వీధిలో ఇళ్లపనికి వచ్చే తల్లులు అంటుంటారు. వారు చెప్పనక్కరలేదు, అడిగితే చాలు. చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ ‘ఇప్పుడేం చూశావో నాకు చెప్పు’ అన్నా, పిల్ల తనకు అర్థం కానిచోట తానే తడబడి వీడియోను వెనక్కి జరుపుకుంటుంది. అయితే ఏమి అడగాలో చూచాయగా తెలియజేసేవారు వారికి కావాలి.

అందుకే విద్యాశాఖకు ఒక విన్నపం. మన పాఠ్యపుస్తకాల్లోని క్యూఆర్ కోడ్ కింద, దాన్ని ఫోనుతో స్కాన్ చేస్తే వచ్చే వీడియో చూశాక ఇంట్లో చేయదగిన ఒక పని, పెద్దలు అడగదగిన రెండు ప్రశ్నలు తేలిక తెలుగులో అచ్చువేయాలి. చదవలేనివారి కోసం ఆ ప్రశ్నలనే టీ-శాట్ పాఠాల చివర మాటల్లోనూ చెప్పించవచ్చు. అలాగే నగరంలోని శాఖా గ్రంథాలయాల్లో ఆదివారం ఉదయం ఒక గంట పిల్లలు, పెద్దలు కలిసి పాఠాలు చూసే ఏర్పాటు చేయాలి. చిక్కడపల్లి గ్రంథాలయం ఉద్యోగ పరీక్షలకు చదివేవారితో కిటకిటలాడుతోందని నాకు తెలుసు. కాబట్టి కాలనీల్లోని చిన్న గ్రంథాలయాలతో మొదలుపెట్టినా సరిపోతుంది. టీవీ ఒకటి అమర్చితే, ప్రశ్నలు అడిగే పనికి నావంటి విశ్రాంత ఉపాధ్యాయులం జీతం లేకుండానే వస్తాం.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
వనస్థలిపురం, హైదరాబాద్